బల్ల రంపం: పంటికీ వేలికీ మధ్య

ఇంట్లోనే, కారు నిలిపే షెడ్డులోనో మేడమీది గదిలోనో, చెక్కపనిని ఇష్టంగా చేసుకునేవారి సామగ్రిలో టేబుల్ సా అనే బల్ల రంపానిది పెద్దపీట. చదునైన లోహపు బల్ల, దాని అడుగున మోటారు, బల్ల మధ్యనున్న సన్నని చీలికలోంచి పైకి పొడుచుకువచ్చి తిరిగే గుండ్రని పళ్ల బ్లేడు, ఆ బ్లేడుకు సమాంతరంగా అటూ ఇటూ జరుపుకోగలిగిన, ఫెన్స్ అని పిలిచే ఆనుడు పట్టీ, స్థూలంగా ఇంతే దాని నిర్మాణం. చేతిరంపంతో కోసేటప్పుడు చెక్క స్థిరంగా ఉండి రంపం కదులుతుంది. బల్ల రంపంలో రంపం ఉన్నచోటే తిరుగుతుండగా మనిషి చెక్కను రెండు చేతులతో దానిమీదికి తోయవలసి ఉంటుంది. కోత తిన్నగా, వేగంగా రావడానికి కారణం ఈ ఏర్పాటే. ప్రమాదానికి మూలమూ ఇదే, ఎందుకంటే ప్రతి కోతలోనూ చేతులు బ్లేడు వైపే ప్రయాణిస్తాయి.

ఇళ్ల గ్యారేజీలలో ఇటువంటి రంపాలు విరివిగా కనిపించే అమెరికాలో, వినియోగ వస్తువుల భద్రతను పర్యవేక్షించే ప్రభుత్వ కమిషన్ 2017లో ప్రకటించిన అంచనాల ప్రకారం, 2015 ఒక్క సంవత్సరంలోనే బల్ల రంపాల వల్ల ఆసుపత్రి అత్యవసర విభాగాలకు వెళ్లవలసి వచ్చిన గాయాలు సుమారు 33,400. అందులో 92 శాతం బ్లేడు తగిలి అయినవే కాగా, అవయవ భాగం తెగిపోయినవి రమారమి 4,700, అంటే రోజుకు 13 చొప్పున. దెబ్బతిన్న అవయవం అత్యధిక సందర్భాలలో చేతివేలే. ఇటువంటి గాయాల వల్ల ఆ సమాజం ఏటా మోస్తున్న భారాన్ని, వైద్య ఖర్చులనూ పోగొట్టుకున్న పనిదినాలనూ బాధ విలువనూ కలిపి, 400 కోట్ల డాలర్లకు పైగానే ఆ కమిషన్ లెక్కగట్టింది.

ఈ ప్రమాదాల గురించి ఎక్కడ మాట వచ్చినా మొదట వినిపించేది అజాగ్రత్త, పరధ్యానం అనే తీర్పు. అది పూర్తిగా అబద్ధం కాకపోయినా, దానితోనే విచారణ ముగించడం వల్ల అసలు కారణం మరుగున పడుతుంది. ఈ యంత్రం మీద వేలు పోగొట్టుకున్నవారిలో కొత్తగా నేర్చుకునేవారే కాక, ఏళ్ల తరబడి అదే పని చేసిన చేయి తిరిగిన వడ్రంగులూ ఉన్నారు. బ్లేడు ఏ దిక్కుకు తిరుగుతుంది, చెక్క ఎందుకు బిగుసుకుంటుంది, చెయ్యి ఎటు లాగబడుతుంది అన్న విషయాలను గమనిస్తే, ప్రమాదంలో సింహభాగం యంత్రపు ఆకృతిలోనే ఇమిడి ఉందనీ, అందువల్ల రక్షణ కూడా ముందుగా యంత్రంలోనే ఉండాలనీ స్పష్టమవుతుంది.

గుండ్రని రంపం కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో శామ్యూల్ మిల్లర్ అనే వ్యక్తి గాలిమరతో నడిచే రంపపు యంత్రానికి 1777లో పేటెంటు పొందాడు; పందొమ్మిదో శతాబ్దంలో ఆవిరియంత్రాలతో పాటు ఈ రంపం కోతమిల్లులన్నింటికీ పాకింది. తెగిన వేళ్లూ దానివెంటే వచ్చినందువల్ల, కార్మికుల రక్షణకై బ్రిటన్ 1922లో చెక్కపని యంత్రాలకు ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం యంత్రాల ప్రమాదకర భాగాలకు తప్పనిసరిగా కంచె ఉండాలని తన 21వ సెక్షనులో చెప్పింది. ఆ చట్టం కింద రాష్ట్రాలు చేసుకున్న నియమావళులలో గుండ్రని రంపాల గురించి విడిగా అనుబంధాలే ఉన్నాయి. అయితే ఆ చట్టం రూపొందింది కరెంటుతో నడుస్తూ కనీసం పదిమంది పనిచేసే చోట్ల కోసం. ఇంటి గ్యారేజీలోకి గానీ, ఇద్దరు వడ్రంగులు నెలరోజులు పనిచేసి వెళ్లిపోయే కొత్త అపార్టుమెంటు గదిలోకి గానీ ఏ తనిఖీ అధికారీ రాడు. కర్మాగారంలో ఒక శతాబ్దం కింద నేర్చుకున్న పాఠాలు ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

ఆ పాఠాలలో మొదటిది కిక్‌బ్యాక్, అంటే చెక్క వెనక్కి తన్నడం. రంపం ముందు నిలబడిన మనిషి వైపునున్న పళ్లు పైనుంచి కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదిమి పెడతాయి కాబట్టి, కోత ఆ పళ్ల దగ్గర జరుగుతున్నంతసేపూ ఏ చిక్కూ ఉండదు. అదే బ్లేడు అవతలి అంచున మాత్రం పళ్లు కింది నుంచి పైకి లేచి, బ్లేడు శిఖరం దాటి మనిషి వైపే పరుగెత్తుతుంటాయి. కోత పూర్తయిన చెక్క ఆ వెనకపళ్లకు కొద్దిగా ఒరుసుకున్నా, అవి దాన్ని పైకెత్తి, తమ వేగంతోనే ముందుకు, అంటే నిలబడినవాడి పొట్టమీదికో ఛాతీమీదికో విసిరివేస్తాయి. ఆ వేగం ఎంతో లెక్క వేయడం కష్టం కాదు. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే దాని పళ్ల అంచు సెకనుకు 53 మీటర్లు, అంటే గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అరకిలో బరువున్న చెక్కముక్కకు అందులో నాలుగింట మూడువంతుల వేగం అందినా, పదమూడో అంతస్తు నుంచి కిలో రాయి పడినంత శక్తితో అది వచ్చి తగులుతుంది.

చెక్క వెనకపళ్లకు ఒరుసుకోవడానికి ప్రధానంగా రెండు కారణాలున్నాయి. మొదటిది చెక్క స్వభావం: వాలుగా పెరిగిన చెట్టు కాండంలోనూ, సరిగా ఆరని పలకలోనూ పోగుల మధ్య బిగువు నిలవ ఉంటుంది, రంపం పలకను నిలువునా చీల్చగానే ఆ బిగువు విడివడి, రెండు ముక్కలూ విల్లుల్లా వంగుతాయి. అవి బయటికి వంగితే కోత సందు వెడల్పవుతుంది, లోపలికి వంగితే బ్లేడు వెనకభాగాన్ని పటకారులా పట్టేస్తాయి. సామిల్లు నుంచి నెలలోపే పనిలోకి వచ్చే వేప, తుమ్మ, మామిడి పలకలతో పనిచేసే తెలుగు వడ్రంగులకు ఈ బిగుసుకోవడం బాగా ఎరుకే. చేతిరంపంతో కోసే రోజుల్లో అటువంటప్పుడు కోత సందులో చిన్న చీల దూర్చి పని సాగించేవారు. రెండో కారణం మనిషి చేతిలో ఉంది: తోసేటప్పుడు పలక ఫెన్స్‌ను వదిలి ఒక్క వెంట్రుకవాసి పక్కకు తిరిగినా, దాని వెనకమూల వెళ్లి పైకి లేస్తున్న పళ్లమీద వాలుతుంది. వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ ఉన్న పలకలు ఇలా తేలికగా తిరుగుతాయి కనుక, చూడటానికి చిన్న పనిలా కనిపించే పొట్టి ముక్కల కోతే నిజానికి అపాయకరమైనది.

కిక్‌బ్యాక్‌లో వేలు తెగడం రెండో ఘట్టం. పలక మీద అదిమి ఉంచిన చెయ్యి, పలక హఠాత్తుగా మాయమవగానే, అప్పటివరకూ తోస్తున్న బలంతోనే ముందుకు పడుతుంది. పలక అవతలి కొసను పట్టుకుని లాగుతున్న చెయ్యయితే పలకతో పాటు వెనక్కి, నేరుగా బ్లేడు మీదికి వస్తుంది. చెయ్యి బ్లేడుకు దూరంగానే ఉందని చెప్పినవారి మాట చాలా సందర్భాలలో నిజమే, ఎందుకంటే ప్రమాదానికి ముందటి క్షణంలో అది దూరంగానే ఉంది. కంటికి కనిపించినదానికి చెయ్యి స్పందించడానికి మనిషికి సెకనులో ఐదోవంతు కాలమైనా పడుతుంది. అంతలో ఆ బ్లేడు 13 చుట్లు పూర్తిచేస్తుంది, దానికి 40 పళ్లుంటే 500కు పైగా పళ్లు ఒక బిందువు మీదుగా వెళ్లిపోతాయి. అప్రమత్తతకు ఇక్కడ పనిచేసే వ్యవధే లేదు.

దీనికి విరుగుడు కరెంటుతో గానీ కంప్యూటరుతో గానీ సంబంధం లేని ఒక ఉక్కురేకు. బ్లేడు వెనకనే, దాని వంపును అనుసరిస్తూ, పళ్లకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలో నిలబెట్టే ఈ రేకును రైవింగ్ నైఫ్ అంటారు. దాని మందం బ్లేడు రేకు కంటే ఎక్కువగా, పళ్లు చేసే కోత సందు కంటే తక్కువగా ఉండాలి. మామూలు బ్లేడు చేసే సందు సుమారు 3.2 మిల్లీమీటర్లు, పల్చని బ్లేడు చేసేది సుమారు 2.4 మిల్లీమీటర్లు కాబట్టి ఒకదానికి సరిపోయిన నైఫ్ మరొకదానికి సరిపోదు. కోసిన చెక్క మూసుకుపోబోతే ఈ రేకు మధ్యలో చీలలా అడ్డుపడుతుంది. పలక తిరగబోతే వెనకపళ్లను తాకకుండా పక్కకు నెడుతుంది. మన రాష్ట్రాల ఫ్యాక్టరీ నియమావళులు గుండ్రని రంపానికి రైవింగ్ నైఫ్ ఉండి తీరాలనీ, అది గట్టిగా, నునుపుగా, సర్దుకోవడానికి వీలుగా ఉండాలనీ ఎప్పుడో చెప్పాయి. ఐరోపాలో అది చిరకాలంగా వాడుకలో ఉండగా, అమెరికాలో మాత్రం కొత్త రంపాలకు అది ప్రమాణంగా మారడానికి ఈ శతాబ్దపు తొలి దశాబ్దం చివరిదాకా పట్టింది.

అంతకుముందు అమెరికా రంపాలకు ఉన్నది స్ప్లిటర్ అనే కదలని రేకు, దానికి తగిలించిన ప్లాస్టిక్ తొడుగు, అంటే గార్డు. చెక్కను పూర్తిగా చీల్చకుండా దాని మీద గాడి మాత్రమే తీయవలసి వచ్చినప్పుడు ఈ రెండూ పైనున్న చెక్కకు అడ్డం వస్తాయి కనుక వాటిని విప్పక తప్పేది కాదు. విప్పినదాన్ని తిరిగి బిగించడానికి రెంచీ కావాలి, ఐదు నిమిషాలు కావాలి, ఓపిక కావాలి. దాంతో గార్డు గోడమేకుకు ఎక్కి, ఇక అక్కడే ఉండిపోయేది. వాడేవాళ్ల బద్ధకాన్ని దీనికి తప్పుపట్టడం తేలికే గానీ, పనికి అడ్డంపడే రక్షణను మనిషి తీసేస్తాడని ఊహించలేకపోయిన రూపకల్పనదే ఇందులో పెద్ద లోపం. రైవింగ్ నైఫ్ బ్లేడుతో పాటే పైకీ కిందికీ కదులుతూ, దాని శిఖరం కంటే కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి గాడి తీసేటప్పుడు కూడా విప్పనక్కరలేదు. ఆ ఒక్క మార్పుతో పాత సాకు పోయింది.

అయితే రైవింగ్ నైఫ్ కిక్‌బ్యాక్‌ను ఆపుతుంది గానీ వేలు పొరపాటున పంటిమీద పడితే ఏమీ చేయలేదు. ఆ రెండో సమస్యను పట్టుకున్నవాడు స్టీవ్ గ్యాస్. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో పేటెంటు న్యాయవాదిగా పనిచేస్తూ, భౌతికశాస్త్రంలో డాక్టరేటు కూడా ఉన్న ఈయనకు చెక్కపని సరదా. వేలు తగిలిన వెంటనే బ్లేడును ఆపడం సాధ్యమా అన్న ప్రశ్నతో 1999లో ఆయన మొదలుపెట్టిన ప్రయత్నమే తరువాత సాస్టాప్ అనే రంపమైంది. దాని సూత్రం ఇది: బ్లేడుకు ఒక బలహీనమైన విద్యుత్ సంకేతం నిరంతరం అందుతుంటుంది, పొడిచెక్క విద్యుత్తును దాదాపు ప్రసరింపజేయదు కనుక అది తగిలినా సంకేతం మారదు, నీటితోనూ లవణాలతోనూ నిండిన మానవశరీరం తగిలితే మాత్రం చటుక్కున పడిపోతుంది. ఆ మార్పు పసిగట్టగానే, బిగించి కట్టి ఉంచిన ఒక స్ప్రింగు విడివడి, అల్యూమినియం దిమ్మను తిరుగుతున్న పళ్లలోకి నెడుతుంది. పళ్లు మెత్తని అల్యూమినియంలో కూరుకుపోయి, బ్లేడు 5 మిల్లీసెకన్లలోపే ఆగడమే కాక, ఆ ఊపుకే బల్ల కిందికి దిగిపోతుంది. తెగవలసిన వేలికి చిన్న గాటు పడుతుంది.

2000 సంవత్సరంలో అట్లాంటాలో జరిగిన చెక్కపని యంత్రాల ప్రదర్శనలో, వేలికి బదులు మాంసపు సాసేజిని బ్లేడుకు తాకించి ఆయన ఈ ఏర్పాటును చూపించాడు; తరువాత తన వేలినే పెట్టి కూడా పరీక్షించాడు. పేరున్న తయారీ సంస్థలతో లైసెన్సు గురించి సాగిన చర్చలు ఫలించకపోవడంతో, 2003లో ఈ తరహా రక్షణను అన్ని బల్ల రంపాలకూ తప్పనిసరి చేయాలని కమిషన్‌కు అర్జీ పెట్టి, మరుసటి ఏడాదికల్లా తన సొంత రంపాలను అమ్మకానికి తెచ్చాడు. సంస్థల అభ్యంతరాలు మూడు: ధర పెరుగుతుంది, తడిచెక్క కోసినా మేకు తగిలినా రంపం అనవసరంగా ఆగుతుంది, ఒకే ఒక్కరి పేటెంటుకు దేశమంతా కట్టుబడవలసి వస్తుంది. వీటిలో ఏదీ పూర్తిగా కొట్టివేయదగ్గది కాదు. ఒకసారి ఈ బ్రేకు పనిచేసిందంటే ఆ దిమ్మ పెట్టెతో పాటు బ్లేడు కూడా మార్చుకోవలసిందే. మూడో అభ్యంతరంలోనైతే నిజం మరీ ఎక్కువ, ఎందుకంటే నిబంధన కోరుతున్నవాడే దానివల్ల లాభపడేవాడు కూడా. బాష్ సంస్థ ఇదే లక్ష్యంతో తెచ్చిన మరో రంపాన్ని పేటెంటు ఉల్లంఘన కారణంగా 2017లో అమెరికా వాణిజ్య కమిషన్ దిగుమతి కాకుండా అడ్డుకోవడంతో ఆ భయానికి ఆధారమూ దొరికింది.

మరోవైపు, 2010లో బోస్టన్‌లోని ఒక జ్యూరీ, చేతికి తీవ్ర గాయమైన ఒక కార్మికుడికి 15 లక్షల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. గాయపరచిన రంపంలో విరిగిన భాగమేదీ లేదు. ఇటువంటి రక్షణ సాధ్యమని తెలిసిన తరువాత కూడా అది లేకుండా రంపం అమ్మడమే లోపమన్నది అక్కడి వాదన. పై న్యాయస్థానం మరుసటి ఏడాది ఆ తీర్పును సమర్థించింది. భద్రతా కమిషన్ 2017లో ముసాయిదా నిబంధన ప్రకటించింది, 2023లో దాన్ని సవరించి మళ్లీ ముందుకు తెచ్చింది. నిబంధన వస్తే తన కీలకమైన పేటెంటు ఒకదాన్ని ప్రజాపరం చేస్తామని సాస్టాప్ 2024లో మాటిచ్చింది. 2003లో వేసిన అర్జీ మీద రెండు దశాబ్దాలు దాటినా వాదోపవాదాలే సాగాయి. ఈలోగా ఐరోపాలో ఫెల్డర్ అనే సంస్థ, చెయ్యి తాకకముందే, దగ్గరికి వస్తుండగానే పసిగట్టి బ్లేడును చెడగొట్టకుండా కిందికి దించే రంపాన్ని 2019లో ప్రదర్శించింది. రక్షణ సాధ్యమేనా అన్న ప్రశ్న తీరిపోయింది. మిగిలింది దాని ఖర్చు రంపం కొనేవాడు భరించాలా, తెగిన వేళ్ల రూపంలో ఆసుపత్రులూ కుటుంబాలూ భరించాలా అన్నదే.

తెలుగునాట ఈ చర్చ మరో మెట్టు కిందనుంచి మొదలుపెట్టవలసి ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ ఇళ్లలోనూ, కట్టుబడి జరిగే చోట్లలోనూ కనిపించే బల్ల రంపానికి గార్డు లేకపోవడం అటుంచి, అసలు అది రంపంగా తయారైనదే కాదు. రాళ్లూ టైల్సూ కోయడానికి ఉద్దేశించిన నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌కు చెక్కకోత బ్లేడు తగిలించి, దాన్ని ప్లైవుడ్ పలక కిందినుంచి తలకిందులుగా బిగించి, స్విచ్చిని వేసి ఉంచేసి, ప్లగ్గు దగ్గర ఆపుతూ వేస్తూ నడపడం మన వడ్రంగుల వాడుక. అయిదారు వేలలోపు ఖర్చుతో ఎంతో ఖరీదైన యంత్రం చేసే పనిని చేయించుకున్న ఆ నేర్పును తక్కువ చేయనక్కరలేదు. కానీ నిమిషానికి 12,000 చుట్లు తిరిగే ఆ యంత్రంలో బ్లేడు అంచు వేగం గంటకు 250 కిలోమీటర్ల దాకా వెళుతుంది, అంటే అమెరికా వాడి పెద్ద రంపం కంటే ఎక్కువ. రాతిని కోసే వజ్రపు బ్లేడుకు పళ్లుండవు కనుక దానికి కిక్‌బ్యాక్ భయం తక్కువ. ఆ లెక్కన తయారైన యంత్రానికి రైవింగ్ నైఫ్ ఉండదు, చెక్క కోసే చేతి సర్క్యులర్ రంపాలకు ఉండే, స్ప్రింగుతో తనంతట తానే మూసుకునే కింది తొడుగూ ఉండదు.

గ్రైండరు సంగతి ఇంకా విషమం. ఇనుపముక్కల అంచులు అరగదీయడానికి ఉద్దేశించిన యాంగిల్ గ్రైండరుకు పళ్ల బ్లేడు గానీ, గొలుసు రంపపు పళ్లున్న చక్రం గానీ తగిలించవద్దనీ, అలా చేస్తే తరచు వెనక్కి తన్ని అదుపు తప్పుతుందనీ ఆ యంత్రంతో పాటు వచ్చే సూచనల పుస్తకాలే హెచ్చరిస్తాయి. అయినా పక్కపక్కనే అమ్మే దుకాణాలలో గ్రైండరూ పళ్ల బ్లేడూ సరిగ్గా ఒకదానికొకటి సరిపడే రంధ్రంతో దొరుకుతాయి. చేతిలో పట్టుకున్న గ్రైండరుకు ఫెన్స్ లేదు, బల్ల లేదు, ఆనుకోవడానికి పాదమూ లేదు. పన్ను చెక్కలోని ముడికి తగిలిందంటే యంత్రమే ఎగిరి తొడమీదికో మెడమీదికో వస్తుంది. ఇంట్లో సరదా పనికి గ్రైండరుతో చెక్క కోయడం కంటే రెండు వందల రూపాయల చేతిరంపం ఎప్పుడూ మేలు. ఒక్క పలక కోయడానికి కరెంటు తీగ వెతుక్కునేలోపు చేతిరంపం పని ముగిస్తుంది కూడా.

కరెంటు కోతలున్న చోట మరో అపాయం పొంచి ఉంటుంది. రంపం నడుస్తుండగా కరెంటు పోతే, స్విచ్చి వేసే ఉందన్న సంగతి మరచి బ్లేడు దగ్గర పొట్టు దులపడమో ఇరుక్కున్న ముక్క లాగడమో జరుగుతుంది. అదే క్షణాన కరెంటు వస్తే యంత్రం తనంతట తాను పరుగు అందుకుంటుంది. మంచి రంపాలకు ఉండే నో-వోల్ట్ స్విచ్చి దీనికోసమే: కరెంటు పోగానే అది ఆఫ్ స్థితికి పడిపోయి, మనిషి మళ్లీ నొక్కితే తప్ప మోటారుకు ప్రవాహం ఇవ్వదు. తలకిందుల కట్టర్‌ను వదులుకోలేనివారు కనీసం ఇటువంటి స్విచ్చిని విడిగా కొని బల్ల ముందు, మోకాలికో తొడకో అందేలా బిగించుకోవడమూ, బ్లేడు వెనక సరైన మందం ఉన్న ఉక్కురేకును నిలబెట్టడమూ చేయగలిగిన పనులే. ఎర్తు పిన్ను విరిచిన ప్లగ్గుల సంగతి చెప్పనక్కరలేదు. 30 మిల్లీయాంపియర్ల దగ్గర తెగిపోయే లీకేజీ బ్రేకరు ఆ లైనుకు ఉంటే షాకు భయం చాలావరకు తగ్గుతుంది.

మిగిలినవి అలవాట్లు. బ్లేడుకు జానెడు దూరంలోకి చెయ్యి రావలసి వస్తే చేతికి బదులు తోపుడు కర్ర వాడటం, నిలువు కోత కోసేటప్పుడు పలకకు సూటిగా వెనక కాక ఒక పక్కకు నిలబడటం, ఫెన్స్ లేకుండా ఒట్టి చేతులతో పలకను నడపకపోవడం, స్విచ్చి ఆపాక కూడా బ్లేడు పూర్తిగా నిలిచేదాకా ముక్కలు ఏరకపోవడం వంటివి ఎవరైనా చెప్పేవే. చేతి తొడుగుల విషయంలో మాత్రం సాధారణ జ్ఞానం తప్పుదారి పట్టిస్తుంది. తిరిగే బ్లేడు దగ్గర తొడుగు వేలిని కాపాడకపోగా, దాని దారం పంటికి చిక్కితే చెయ్యిని మొత్తంగా లోపలికి లాక్కుపోతుంది. చేతికి కట్టిన తోరం, కడియం, మెడలోని తువ్వాలు, వదులైన పొడుగుచేతుల చొక్కా అన్నీ ఆ కోవలోవే. చెవులకూ ముక్కుకూ జరిగే హాని నెమ్మదిగా జరుగుతుంది కనుక లెక్కలోకి రాదు గానీ, 100 డెసిబెళ్ల శబ్దాన్ని రోజుకు పావుగంటకు మించి వినకూడదన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు; చెక్కపొడిని క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లోనే చేర్చింది. కొనబోయే మొదటి యంత్రం ఏదన్న సందేహం ఉన్నవారికి బ్యాండ్ సా అనే పట్టీ రంపం మెరుగు: దాని పళ్లు ఎప్పుడూ కిందికే దిగుతూ చెక్కను బల్లకేసి అదుముతాయి కాబట్టి అది చెక్కను మనిషి మీదికి విసరదు. అయితే వేలిని కోయడంలో దానికీ ఏ మొహమాటమూ లేదు.

రంపపు గాయం కత్తి గాయం లాంటిది కాదు. కత్తి కణజాలాన్ని విడదీస్తే, రంపం తన కోత సందు మేరకు, అంటే మూడు మిల్లీమీటర్ల చొప్పున, ఎముకనూ నరాన్నీ రక్తనాళాన్నీ పొట్టు చేసి పారేస్తుంది. రెండు కొసలను కలపాలంటే ఎముకను మరికాస్త కత్తిరించి వేలిని పొట్టి చేయక తప్పదు. వేలిలోని ధమని ఒక మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది కనుక, సూక్ష్మదర్శిని కింద కుట్టే పద్ధతి వచ్చేదాకా తెగిన వేలు తెగినట్టే. పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని మొట్టమొదట 1965లో జపానులోని నారాలో కోమత్సు, తమాయి అనే శస్త్రవైద్యులు తిరిగి బతికించారు. నేడు పెద్ద నగరాలలోని ప్లాస్టిక్ సర్జరీ విభాగాలలో ఆ సదుపాయం ఉంది గానీ, అది ఫలించేదీ లేనిదీ చాలావరకు ఆసుపత్రి చేరేలోపు చుట్టుపక్కలవారు చేసే పనుల మీద ఆధారపడి ఉంటుంది.

గాయం మీద శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచాలి. ఉంగరాలుంటే వాపు రాకముందే తీసేయాలి. రక్తం ఆగడానికి పసుపో కాఫీపొడో కూరడం మన ఇళ్లలో పాత అలవాటు. అది గాయంలోకి మురికిని చేర్చి, తరువాత డాక్టరు పనిని కష్టం చేయడం తప్ప మేలు చేయదు. తెగిన వేలిని పొట్టు పోయేలా శుభ్రమైన నీటితో తేలికగా కడిగి, తడిపి పిండిన గాజుబట్టలో చుట్టి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుముక్కలు వేసిన నీటిలో ఉంచాలి. వేలిని నేరుగా మంచులో పెడితే కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది. స్పిరిట్‌లో ముంచినా అంతే. మత్తుమందు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి గాయపడినవారికి టీ, నీళ్లు, ఆహారం ఏదీ ఇవ్వకూడదు. వేలిలో కండ దాదాపు ఉండదు కనుక, చల్లగా ఉంచితే 24 గంటల దాకా కూడా తిరిగి అతికించే అవకాశం ఉంటుంది, మామూలు ఉష్ణోగ్రతలో అది దాదాపు సగానికి పడిపోతుంది. నలిగిపోయిందనో పనికిరాదనో వేలిని అక్కడే వదిలేసి వెళ్లడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అతికించడానికి వీలుకాకపోయినా దాని చర్మమూ నరమూ పక్కవేలిని బాగుచేయడానికి పనికిరావచ్చు. 108కి ఫోను చేసేటప్పుడే వేలు తెగిందని చెబితే, శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రి ఏదో వెంటనే విచారించవచ్చు.

అతికిన వేలు పూర్వపు వేలు కాదు. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి, మొదలు దగ్గర తెగిన వేలి కొసకు స్పర్శ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. కీళ్లు బిగుసుకుంటాయి, చలికి నొప్పి పుడుతుంది, కొన్ని వారాల ఫిజియోథెరపీ తప్పదు. అందువల్లనే ఒక్క చూపుడువేలు మాత్రమే మొదలు దగ్గర తెగినప్పుడు, వంగని ఆ వేలు మిగిలిన పనికి అడ్డమవుతుందని, అతికించకుండా గాయం మూసివేయడమే మేలని వైద్యులు సూచించే సందర్భాలు ఉన్నాయి. బొటనవేలి విషయంలో మాత్రం వారు వెనకాడరు, ఎందుకంటే పట్టు అన్నది దానితోనే సాధ్యం. దాన్ని నిలబెట్టడం వీలుకానప్పుడు కాలి బొటనవేలిని తీసి ఆ స్థానంలో అమర్చే పద్ధతిని ఇంగ్లండులో జాన్ కాబెట్ 1968లో మొదటిసారి మనిషి మీద చేసి చూపాక, అది నేడు స్థిరపడిన చికిత్స అయింది.